పడని సైకిల్

నేను ఒక సైకిల్‌ని. పుట్టి పదకొండేళ్లయింది. ఇంతవరకు ముందుకు ఒక్క జానెడు కూడా వెళ్లలేదు. ఇల్లు మారిన రెండుసార్లూ ఆటో ట్రాలీలో వెల్లకిలా పడుకుని వెళ్లాను. ఈ మాట సిగ్గుపడి చెప్పడం లేదు. నన్ను తయారుచేసిందే అందుకు. ఇంట్లో ఒక మూల నిలబడి, తొక్కినంతసేపు తొక్కించుకుని, మనిషిని ఎక్కినచోటే దించడం నా ఉద్యోగం. దీన్ని మనుషులు వ్యాయామం అంటారు.

పుట్టింది పంజాబులో, ఒక పొడవాటి రేకుల షెడ్డులో. షెడ్డుకు ఒక పక్క రోడ్డు మీద తిరిగే సైకిళ్లను బిగించేవారు, రెండో పక్క మమ్మల్ని. వాటికి రెండేసి చక్రాలు, మాకు ఒక్కటే. అదీ టైరు లేని బరువైన ఇనుప చక్రం. అది తిరుగుతుంది, నేను తిరగను. వాటికి లేనిది నాకు ఒకటి ఇచ్చారు. సీటు గొట్టం మీద వరుసగా తొమ్మిది రంధ్రాలు, పక్కన ఒకటి నుంచి తొమ్మిది వరకు చెక్కిన అంకెలు. రంధ్రంలో దిగే ఇనుప గుబ్బను లాగి, సీటును పైకో కిందికో జరిపి, మళ్లీ వదిలితే ఆ ఎత్తులో నిలబడుతుంది. ఎక్కే మనిషి ఎత్తును బట్టి మార్చుకోవాలి. ఎలా మార్చుకోవాలో బొమ్మలతో ఒక చిన్న పుస్తకం కూడా రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, నా హ్యాండిల్‌కు కట్టారు.

నన్ను అట్టపెట్టెలో సర్దిన మనిషి సీటును మూడో నంబరులో పెట్టాడు. పెట్టె మూత పడటానికి ఆ ఎత్తు సరిపోయింది కాబట్టి పెట్టాడు. అందులో వేరే ఆలోచన లేదు. ఆ తర్వాత నన్ను ఎక్కిన మొదటి మనిషి తన మోకాళ్లను ఒక అట్టపెట్టె ఎత్తుకు సర్దుకున్నాడు.

నా మొదటి యజమాని నర్సింగరావు. జనగామలో విత్తనాలు, ఎరువుల దుకాణం ఉండేది. ఆరడుగుల మనిషి. షుగరు వచ్చిందని డాక్టరు చెప్పిన వారానికి నన్ను కొన్నాడు. ఇంటికి వచ్చిన రోజే వాహన పూజ చేశారు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, కొబ్బరికాయ అన్నీ సవ్యంగా జరిగాయి. నిమ్మకాయ దగ్గర చిక్కు వచ్చింది. నిమ్మకాయను చక్రం కింద పెట్టి బండిని దాని మీదుగా ముందుకు నడపాలి. నా చక్రం నేలకు తగలదు, నేను ముందుకు నడవను. కొంతసేపు అందరూ నా చుట్టూ నిలబడి ఆలోచించారు. చివరికి నర్సింగరావు భార్య సువర్ణమ్మ, "ముందల కాలు కింద పెట్టుండ్రి, గంతే" అంది. నలుగురు కలిసి నన్ను ఎత్తి, ముందు కాలు కింద నిమ్మకాయ పెట్టి దించారు. అది సగం నలిగి అక్కడే అతుక్కుపోయింది. పూజలో పెట్టినదాన్ని తీసేయకూడదని ఎవరూ తీయలేదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒక కాలు కింద ఎండిన నిమ్మకాయతో నిలబడ్డాను. ఎవరు ఎక్కినా ఊగేదాన్ని. మనుషులు మాత్రం సైకిల్ బాగా హుషారుగా ఉందనుకున్నారు.

నాతో వచ్చిన పుస్తకాన్ని సువర్ణమ్మ చదవలేదు, పారేయనూ లేదు. బండితో వచ్చిన కాగితాలు కదా అని కవరుకు పసుపు బొట్టు పెట్టి, ఇంటి పత్రాలతోపాటు బీరువాలో దాచి తాళం వేసింది. ఈ విషయంలో ఆమెను తప్పు పట్టను. నా గురించి రాసిన ఒకే ఒక పుస్తకానికి అంత గౌరవం దక్కుతుందని దాన్ని రాసినవాళ్లు కూడా అనుకుని ఉండరు.

నర్సింగరావు తొమ్మిది రోజులు తొక్కాడు. ఆరడుగుల మనిషి మూడో నంబరు మీద కూర్చుంటే మోకాళ్లు పొట్టకు తగులుతాయి. పదో రోజు, "షుగరు తగ్గుడేమో గని మోకాళ్లు పోతున్నయి" అని దిగాడు. మళ్లీ ఎక్కలేదు. ఆ తర్వాత నాకు వేరే పని అప్పగించారు. హ్యాండిల్ మీద తువ్వాళ్లు, సీటు మీద లుంగీలు. నాకు ఒక చిన్న తెర ఉండేది. ఎన్ని నిమిషాలు, ఎంత దూరం అని అంకెలు చూపించేది. బ్యాటరీ అయిపోయేదాకా అది సున్నా చూపించింది. వెళ్లిన దూరం విషయంలో అది ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

ఇలా ఎనిమిదేళ్లు గడిచాయి. ఒక వేసవిలో ఇంటికి సున్నం వేయిస్తూ నన్ను వరండాలోకి నెట్టారు. అదే రోజు సువర్ణమ్మ మోపెడ్‌కు పంక్చరు వేయడానికి ఐలయ్య వచ్చాడు.

ఐలయ్యకు బస్టాండు వెనక దుకాణం. ఒకప్పుడు అది కిరాయి సైకిళ్ల దుకాణం. గంటకింత అని పదహారు సైకిళ్లు తిప్పేవాడట. జనం మోటారు సైకిళ్లు కొనుక్కున్నాక కిరాయిలు పోయి, పంక్చర్లు మిగిలాయి. పని ముగించి చేతులు తుడుచుకుంటూ నన్ను చూశాడు. దగ్గరకొచ్చి పెడల్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి, చెవి ఆనించి విన్నాడు. ఎనిమిదేళ్లలో నన్ను విన్న మొదటి మనిషి ఆయనే.

"వదినా, గిది కొత్త బండే. ఎవ్వలు తొక్కలే" అన్నాడు.

"తొక్కిండే, తొమ్మిది దినాలు" అంది సువర్ణమ్మ. తర్వాత గుర్తొచ్చి, "అవునే ఐలన్నా, మీ అండాలు కాలు ఎట్లున్నది? డాక్టరు గీసొంటిదే తొక్కుమన్నడని చెప్తివి గదా. తీస్కపో. మా ఇంట్ల బట్టలారేసుకోను దండెమున్నది."

లోపలికి వెళ్లి బీరువా తెరిచి పుస్తకం కవరు కూడా తెచ్చి ఇచ్చింది. "కాయిదాలు. పైలంగ దాచిపెట్టు."

ట్రాలీలోకి ఎక్కించేటప్పుడు నిమ్మకాయ ఊడి పడింది. గోలీకాయంత అయిపోయింది. ఐలయ్య దాన్ని తీసి వరండా గోడ మీద పెట్టాడు.

ఐలయ్య భార్య అండాలు బస్సు కండక్టరు. పంతొమ్మిదేళ్ల సర్వీసు, జనగామ నుంచి తిరుమలగిరి దాకా పోయే బండి. నాలుగు నెలల కింద, అకాల వాన పడుతుంటే, ఫుట్‌బోర్డు మీద నుంచి దిగబోయి కాలు జారి రోడ్డు అంచు మీద పడింది. మోకాలి చిప్ప రెండు ముక్కలైంది. ఆపరేషన్ చేసి తీగతో కట్టారు. ఎముక అతుక్కుంది గానీ మోకాలు సరిగ్గా వంగడం మానేసింది. బస్సు ఎక్కాలంటే మోకాలు వంగాలి. వచ్చే నెల పద్నాలుగున డాక్టరు ఆమెను పరీక్షించి, కండక్టరు పనికి పనికొస్తుందో లేదో రాసి ఇస్తాడు. రాయకపోతే ఆ బస్సు ఇక ఆమెది కాదు. వేరే ఏ పని ఇస్తారో, అసలు ఇస్తారో లేదో ఎవరూ చెప్పలేదు. నేను ఆ ఇంటికి వెళ్లేసరికి ఆ తారీఖుకు ఆరు వారాలుంది.

అండాలు కూర్చుని ఉండలేని మనిషి. ఇంటికి చూడటానికి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర నిలబడితే, మంచం మీద నుంచే, "దర్వాజ కాడ నిలవడొద్దు, లోపలికి జరుగుండ్రి, జాగున్నది" అనేది. అది రెండు గదుల ఇల్లు, జాగా లేదు. అయినా జనం జరిగేవారు. ఆమె గొంతు అలాంటిది.

ఐలయ్య నన్ను ముందు గదిలో దించి పనిలోకి దిగాడు. పాత ట్యూబును ముక్కలుగా కోసి నా నాలుగు కాళ్ల కింద మందంగా పరిచాడు. గచ్చు ఎగుడుదిగుడుగా ఉన్నచోట రెండు మడతలు వేశాడు. నా జన్మలో మొదటిసారి ఊగకుండా నిలబడ్డాను. గొలుసుకు నూనె వేశాడు. బ్రేకు మరను మొత్తం వదులు చేసి, పెడల్ నీళ్లలో తిరిగినంత తేలిగ్గా తిరిగేలా చేశాడు. ఇంతవరకు ఆయన చేతికి ఒక్క వంక పెట్టలేను.

తర్వాత గుబ్బ లాగి సీటును ఒకటో నంబరులోకి దించాడు.

దానికి కారణం ఉంది. ఐలయ్య ముప్పై ఏళ్లు కిరాయి సైకిళ్లు ఇచ్చాడు. సగం ఊరికి సైకిల్ నేర్పాడు. ఎవరికి సైకిల్ ఇచ్చినా ముందు సీటు మీద కూర్చోబెట్టి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనుతున్నాయో లేదో వంగి చూసేవాడు. ఆనకపోతే సీటు దించేవాడు. ఆనితేనే సైకిల్ బయటికి పోయేది. కాళ్లు నేలకు అందినవాడు పడడు. ఆ లెక్క మీద ముప్పై ఏళ్లలో ఆయన సైకిల్ మీద నుంచి పడి ఎవరికీ చెయ్యి విరగలేదు. ఇప్పుడు ఎక్కబోతున్నది కాలు విరిగిన తన భార్య. అండాలు పొడుగు ఐదడుగులకు ఒక వేలు తక్కువ. అందుకని ఒకటో నంబరు.

సైకిల్ నేర్పే రోజుల్లో ఐలయ్యకు ఇంకో పద్ధతి ఉండేదట. అండాలే వచ్చినవాళ్లకు చెప్పేది. "వెనకనుంచి సీటు వట్టుకొని ఉరుకుతడు. 'వట్టుకున్న, వట్టుకున్న' అనుకుంట ఉరుకుతనే ఉంటడు. మనం ఎనకకు మళ్లి చూస్తే ఆయన గా చౌరస్త కాడ నిలవడి బీడి ముట్టిస్తుంటడు. నన్ను గూడ గట్లనే మోసం చేసిండు, పెండ్లైన కొత్తల."

ఆ మొదటి రోజు అండాలు చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నా మీద కూర్చుంది. రెండు పాదాలు నేల మీద ఆనాయి. ఐలయ్య వంగి చూసి, "అందినయ్" అన్నాడు. ఆమె పెడల్ మీద కాలు పెట్టి తొక్కింది. పెడల్ పైకి వచ్చేసరికి, సీటు కింద ఉండటం వల్ల, ఆ మోకాలు ఛాతీ దాకా వంగాలి. బిగుసుకున్న మోకాలు అంత వంగదు. పళ్లు బిగబట్టి వంచింది.

నా తెర చచ్చిపోయి ఉంది కాబట్టి ఆమె నిమిషాలు లెక్కపెట్టలేదు. స్టేజీలు లెక్కపెట్టింది. జనగామలో ఎక్కితే మొదట నెల్లుట్ల, తర్వాత దేవరుప్పుల, చివరికి తిరుమలగిరి. ఒక్కో ఊరికి ఇన్ని చుట్లని మనసులో పెట్టుకుంది. నెల్లుట్ల రాకముందే దిగిపోయింది. రెండో రోజు నెల్లుట్లలో దిగింది. మూడో రోజు చీర అంచు పెడల్‌లో చుట్టుకుంది. ఐలయ్య ట్యూబు కోసే కత్తెరతో దాన్ని విడిపించాడు. అప్పటి నుంచి అంచు ఇంకా పైకి దోపుకుని తొక్కింది.

మోకాలు వాచింది. ఐలయ్య దుకాణానికి వెళ్లాక ఆమె మంచుగడ్డ గుడ్డలో కట్టి పెట్టుకునేది, ఆయన వచ్చేసరికి తీసేసేది. బస్సులో ఎనభై మందిని ఒక్క కేకతో సర్దే మనిషి, సైకిల్ విషయంలో మొగుడికి ఎదురు చెప్పలేకపోయింది. ఆయనకు తెలిసింది అదొక్కటే, అందులోనూ తప్పు పడితే ఆయనకు ఇంకేం మిగులుతుంది అనుకుని ఉంటుంది. ఇది నా ఊహ. ఆయన మాత్రం ఆమె కుంటడం చూసి, నాలో ఏదో బిగుతుగా ఉందని సాయంత్రం మళ్లీ నూనె వేసేవాడు. రెండు వారాల్లో నేను తాగిన నూనెతో ఒక లారీ నడుస్తుంది.

నాకు నోరు లేదు. ఐదో నంబరు పక్కనే, నాలుగు రంధ్రాల పైన, ఖాళీగా ఉంది. ఎవరూ అటు చూడలేదు.

వారానికోసారి అండాలు ఆటోలో దవాఖానకు వెళ్లి నస్రీన్ అనే అమ్మాయి దగ్గర మోకాలు చూపించుకునేది. నస్రీన్ ఫిజియోథెరపిస్టు. చదువు పూర్తిచేసి ఎనిమిది నెలలైంది, వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. అందుకని ప్రతి మాటా పరీక్షలో రాస్తున్నంత జాగ్రత్తగా మాట్లాడేది. మోకాలు ఎంత వంగుతుందో పెద్ద కోణమానిలాంటి దానితో కొలిచి పుస్తకంలో రాసేది. నేను రాకముందు నూట ఐదు డిగ్రీలు. నన్ను రెండు వారాలు తొక్కాక తొంభై ఎనిమిది. నస్రీన్ రెండుసార్లు కొలిచిందట. తర్వాత, "ఆంటీ, ఆ సైకిల్‌ను నేనొకసారి చూడాలె" అంది.

శనివారం మధ్యాహ్నం వచ్చింది. అండాలును నా మీద కూర్చుని తొక్కమంది. ఒక్క చుట్టు చూసి, "దిగండి ఆంటీ" అంది. ఐలయ్య వైపు తిరిగి, "అంకుల్, సీటు పైకి పెట్టాలె. ఐదో నంబరు కాడికన్నా" అంది.

"ఎందుకు బిడ్డా? మల్ల కాళ్లు అందుతయా?"

"పెడల్‌కు అందితే చాలు. నేలకెందుకు?"

ఐలయ్య నవ్వాడు. "బిడ్డా, రెండు కాళ్లు నేలకు అందకుంటే నేను సైకిల్ కిరాయికే ఇయ్యలే. మీ నాయనకు గూడ నేనే నేర్పిన. కావాల్నంటే అడుగు."

"మా అబ్బా చెప్పిండు. ఇప్పటికీ సీటు కిందికే పెట్టుకుంటడు. ఇప్పటికీ మోకాళ్లకు మలాం రాసుకుంటనే ఉంటడు."

అండాలు ఫక్కుమంది. ఐలయ్య నవ్వలేదు.

"దీంతోని పుస్తకం ఏమన్న వచ్చిందా అంకుల్?"

ఐలయ్య సందుగ తెరిచి, ఇంటి పట్టా కింద, పెళ్లి ఫొటో కింద ఉన్న కవరు తీశాడు. పసుపు బొట్టు అలాగే ఉంది. అంటించిన అంచు ఎవరూ విప్పలేదు. పుట్టిన తొమ్మిదో ఏట నా పుస్తకాన్ని ఒక మనిషి చదవడం చూశాను. నస్రీన్ మూడో పేజీ తీసి చూపించింది. అందులో ఒకతను నన్ను తొక్కుతున్నాడు. కింద ఉన్న కాలు దాదాపు నిటారుగా ఉంది.

ఐలయ్య బొమ్మను వెలుతురులో పెట్టి చూశాడు. "గా బొమ్మలోడు ఎత్తు మనిషి. మాది పొట్టిది."

"ఎవరి ఎత్తు వాళ్లదే అంకుల్. పక్కన నిలవడితే సీటు తుంటి కాడికి రావాలె. కూసొని మడమ పెడల్ మీద పెట్టి కిందికి నూకితే కాలు సక్కగ సాగాలె. అట్ల సాగితే, పాదం ముందు భాగంతోని తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగుతది. సీటు కిందికుంటే పెడల్ పైకొచ్చిన ప్రతిసారి మోకాలిని విరిచినట్టే. ఆంటీకి ఇప్పుడు అదే అవుతున్నది."

ఐలయ్య అండాలు మోకాలి వైపు చూశాడు. మంచుగడ్డ గుడ్డ తడి ఇంకా ఆరలేదు. అది ఆయన కంటపడింది. తర్వాత మెల్లగా అన్నాడు.

"పడ్తె?"

నస్రీన్ అండాలు వైపు చూసింది, అండాలు తన మోకాలి వైపు.

"అగో, అందరు సప్పుడు చేయరు. పడ్తె ఎవలు వట్టుకుంటరు? ఆనాడు గట్లనే అయిపాయె. వానల పడ్డది. నేను దుకాణంల ట్యూబుకు మందు రాసుకుంట కూసున్న. గంట దాంక నాకు తెల్వనే తెల్వది."

నస్రీన్ పుస్తకం మూసింది. జవాబు అండాలు చెప్పింది, మంచం మీద కూర్చుని, టికెట్ అడిగినంత మామూలుగా.

"ఓ అయ్యా. గా సైకిల్‌ను ఒక్కపారి పడగొట్టు, సూద్దాం."

"ఏందే?"

"పడ్తదని బుగులు వడుతున్నవు గదా. పడగొట్టు. నేనూ సూస్త."

ఐలయ్య నా దగ్గరకొచ్చాడు. భుజం మీద చెయ్యేసినట్టు హ్యాండిల్ పట్టుకుని పక్కకు తోశాడు. ఊపాడు. వెనక్కి వెళ్లి సీటు పట్టుకుని ఎత్తినట్టు చేశాడు. నడుము ఆనించి నెట్టాడు. నా బరువు ముప్పై ఎనిమిది కిలోలు, కాళ్లు నాలుగు. వాటి కింద కదలకుండా ట్యూబు ముక్కలు కోసి పరిచింది ఆయనే. ఎనిమిదేళ్లు బట్టలు ఆరబెట్టిన నాకు ఆ రోజు అసలు ఉద్యోగం వచ్చింది. నేను ఏమీ చేయలేదు. అంతకంటే బాగా ఆ పని చేయడం ఎవరికీ సాధ్యం కాదు.

"పడుతలేదు" అన్నాడు ఐలయ్య, నా మీద ఫిర్యాదు చేస్తున్నట్టు.

"మరి?" అంది అండాలు.

ఆయన వంగి, గుబ్బ లాగి, సీటును ఐదో నంబరులోకి ఎత్తాడు. గుబ్బ రంధ్రంలో పడ్డ చప్పుడు గట్టిగా వినిపించింది. ఎప్పటి అలవాటో, సీటును రెండు చేతులతో అటూ ఇటూ తిప్పి, కదలడం లేదని చూశాడు.

నస్రీన్ హ్యాండిల్‌ను కూడా ఎత్తించింది, నడుము వంగకుండా, మోచేతులు బిగుసుకోకుండా. పెడల్ పట్టీ పాదం ముందు భాగం మీద పడేలా, ఒక వేలు దూరేంత వదులుగా బిగించింది. చీర వద్దు, చెప్పులు వద్దు, బూట్లు కావాలంది. అండాలు జన్మలో పంజాబీ డ్రెస్సు వేసుకోలేదు. ఐలయ్య పైజామా, డ్యూటీ బూట్లు వేసుకుని వచ్చింది. "నవ్వితే ఫైన్ వేస్త" అంది. ఎవరూ నవ్వలేదు, నస్రీన్ తప్ప.

"పూర్తి చుట్టు ఇప్పుడే వద్దు ఆంటీ. ముందుకు కొంచెం, వెనకకు కొంచెం, ఉయ్యాల ఊపినట్టు. మోకాలు ఒప్పుకున్ననాడు అదే తిరుగుతది. నొప్పి పెరిగితే ఆపుండ్రి. ఓర్సుకునుడు వద్దు. ఇక్కడ ఓర్సుకుంటె మార్కులు రావు."

అన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప. ఐదో నంబరు మీదికి అండాలు ఎక్కలేకపోయింది. ఐలయ్య, నస్రీన్ చెరో పక్క పట్టుకుని ఎక్కించాల్సి వచ్చింది. "కింద ఒక పీట వేసుకోండి. కదలనిది కావాలె" అని చెప్పి నస్రీన్ వెళ్లింది.

మరునాడు పొద్దున ఐలయ్య తెగిపోయిన బ్రేకు తీగ ఒకటి జేబులో పెట్టుకుని డిపోకు వెళ్లాడు. తిరుమలగిరి బస్సు ఆగి ఉంటే, తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, నేల నుంచి మొదటి మెట్టు దాకా తీగతో కొలిచి, అక్కడ ముడి వేశాడట. డ్రైవరు సాబేర్, "ఏం ఐలన్నా, బస్సుకు పంక్చరు వేస్తవా?" అన్నాడట. ఈ మాట తర్వాత సాబేరే వచ్చి చెప్పాడు. ఐలయ్య చెప్పలేదు. సాయంత్రానికి పాత తలుపు చెక్కతో ఒక పెట్టె చేసి, అడుగున ట్యూబు కొట్టి, నా పక్కన పెట్టాడు. పట్టుకోవడానికి గోడకు ఒక ఇనుప గొట్టం బిగించాడు. పాత సైకిల్ హ్యాండిల్ గొట్టం అది.

అండాలు పెట్టె ముందు నిలబడి దాని ఎత్తు చూసింది. గొట్టం ఎక్కడ ఉందో చూసింది. ఆమెకు అర్థమైంది. పంతొమ్మిదేళ్లు రోజుకు నలభైసార్లు ఎక్కి దిగిన ఎత్తు అది. గొట్టం పట్టుకుని, బాగున్న కాలు ముందు పెట్టి ఎక్కింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొదటి వారం ఉయ్యాల. ముందుకు సగం, వెనక్కి సగం. తొమ్మిదో రోజు, ఐలయ్య టీ తాగుతుండగా, వెనక్కి తొక్కుతున్న పెడల్ ఆగకుండా పైకి వచ్చి, దాటి, కిందికి దిగింది. పూర్తి చుట్టు. అండాలు ఆగిపోయింది. "ఏమైంది?" అని ఐలయ్య లేచాడు. "ఏం కాలే. తిరిగింది" అంది ఆమె. మళ్లీ తొక్కింది. మళ్లీ తిరిగింది. ఆ రోజు నెల్లుట్ల దాటింది. మూడో వారంలో దేవరుప్పుల చేరింది. అక్కడ కాసేపు ఆపి చెమట తుడుచుకుని, "ఎవలన్న దిగేటోళ్లున్నరా?" అని నన్ను అడిగింది. ఎవరూ దిగలేదు. పెట్టె మీదికి ఎక్కేటప్పుడు ఇప్పుడు ఆపరేషన్ కాలు ముందు పెడుతోంది. ఇనుప గొట్టాన్ని పట్టుకోవడం మరిచిపోతోంది.

పద్నాలుగో తారీఖున ఇద్దరూ తొమ్మిదింటికి వెళ్లారు. ఇంట్లో నేను, పెట్టె ఉన్నాం. ఎదురుచూడటం నాకు కొత్త కాదు. ఎనిమిదేళ్లు తువ్వాళ్ల కింద అదే పని చేశాను. కానీ ఆ రోజు పొద్దు చాలా నెమ్మదిగా కదిలింది.

మూడు గంటలకు తాళం తీసిన చప్పుడైంది. ఐలయ్య ముందు లోపలికి వచ్చి, నా వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగాడు. అండాలు మంచం మీద కూర్చుని బూట్లు విప్పింది. పక్కింటి భారతమ్మ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమాయె అండాలూ? డాక్టరు ఏమన్నడు?"

"లోపలికి జరుగు, చెప్త." భారతమ్మ జరిగింది. "కాలు వంచి సూసిండు. కూసొని లెవ్వుమన్నడు. తర్వాత ఇనుప స్టూలు తెచ్చి, ఎక్కి దిగు అన్నడు."

"ఎక్కినవా?"

"గింతే ఉన్నది స్టూలు." అండాలు చేత్తో చూపించింది, జానెడు కంటే కొంచెం ఎక్కువ. "నవ్వొచ్చింది నాకు. ఇంతకన్న పెద్దది లేదా సార్ అని అడిగిన. ఆయన నా ముఖం చూసిండు. సోమవారం నుంచి డ్యూటీకి పోవాలె."

వంటింట్లో ఐలయ్య రెండో గ్లాసు నీళ్లు ముంచుకున్న చప్పుడైంది.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. అండాలు తిరుమలగిరి బస్సులోనే ఉంది. నేను ముందు గదిలోనే ఉన్నాను. నా సీటు గొట్టం మీద ఐదో నంబరు పక్కన ఐలయ్య ఎర్ర పెయింటుతో గీత గీసి, "అం" అని రాశాడు. ఏడో నంబరు పక్కన "సా". నడుము నొప్పికి సాబేర్ ఆదివారాలు వచ్చి తొక్కుతాడు. నాలుగో నంబరు భారతమ్మది. ఎవరు వచ్చినా ఐలయ్య ముందు పక్కన నిలబెట్టి, సీటు తుంటి దగ్గరికి వచ్చిందో లేదో వంగి చూస్తాడు. మడమ పెట్టి కాలు సాచమంటాడు. సాగితేనే తొక్కనిస్తాడు. పాదాలు నేలకు అందుతున్నాయా అని ఇప్పుడు చూడడు. దుకాణంలో రోడ్డు సైకిళ్లకు కూడా సీటు కాస్త ఎత్తి పంపుతున్నాడని విన్నాను. నస్రీన్ తండ్రి మొదట ఒప్పుకోలేదట. తర్వాత మలాం డబ్బా కొనడం మానేశాడట.

నాలాంటివి చివరికి పాత ఇనుము కొట్టుకు పోతాయని తెలుసు. నాకూ ఆ రోజు వస్తుంది. చక్రం బరువే ఎక్కువ కాబట్టి ముందు దాన్నే విడదీస్తారు. సీటు గొట్టం మీది గీతలు చూసి కొట్టువాడికి ఏమీ అర్థం కాదు. అర్థం కావలసిన అవసరమూ లేదు.

నిన్న సాయంత్రం అండాలు డ్యూటీ నుంచి వచ్చి, ఖాకీ కోటు తీసి, పైజామా వేసుకుని, పెట్టె మీద కాలు పెట్టి నా మీదికి ఎక్కింది. చక్రం తిరిగింది. ఐలయ్య వచ్చి నా వెనక నిలబడి, రెండు చేతులతో సీటు వెనక అంచు పట్టుకున్నాడు. ఇది రోజూ జరిగేదే. సీటు ఐదో నంబరుకు ఎక్కిన నాటి నుంచి ఒక్క రోజు కూడా మానలేదు.

"నెల్లుట్ల" అంది అండాలు. కొంతసేపటికి, "దేవరుప్పుల." తర్వాత వెనక్కి తిరగకుండానే, "ఓ అయ్యా, ఇగ ఇడువరాదు? ఇది పడదని నీకెరుకేనాయె."

"ఇడిసిన" అన్నాడు ఐలయ్య.

"నిజంగ?"

"ఇడిసిననే. నువ్వు తొక్కు."

చేతులు తీయలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె తిరుమలగిరి దాకా తొక్కింది.